గుంటూరు గ్రహణం వెంట పదకొండేళ్లు

2009లో నేను గుంటూరులో ఒక కార్పొరేట్ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేదాన్ని. పొద్దున ఆరింటికి స్టడీ అవర్‌తో మొదలై రాత్రి డౌట్స్ క్లాసుతో ముగిసే ఉద్యోగం. ఎంసెట్ దగ్గర పడుతున్న రోజుల్లో, వర్ణపటాల పాఠం, అంటే వెలుగును రంగు గీతలుగా విడదీసి అది ఏ మూలకానిదో పోల్చుకునే పాఠం, అయిపోయాక, వెనక బెంచీ అమ్మాయి లేచి అడిగింది. "మేడమ్, హీలియం మన గుంటూరులోనే కనిపెట్టారంట కదా?"

అవునమ్మా అన్నాను. 1868 ఆగస్టు 18న ఇక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం పట్టిందని, దాన్ని చూడటానికి జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వచ్చాడని, సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వెలుగులో ఒక పసుపు గీత చూశాడని, అదే హీలియం అని చెప్పాను. నేను చదువుకున్నదీ అంతే. ఆ పిల్ల కూర్చోలేదు. "పసుపు గీత అయితే సోడియం కావచ్చు కదా మేడమ్. కొత్త మూలకమని ఆయనకి ఎలా తెలిసింది?"

రేపు చెప్తాను అన్నాను. మర్నాడు చెప్పలేకపోయాను. నాగార్జున యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసినప్పటి పుస్తకాలన్నీ తిరగేశాను. అన్నింట్లోనూ అదే ఒక్క వాక్యం ఉంది, ఆ వాక్యం ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఎందులోనూ లేదు. ఫిజిక్స్‌లో ఒక సూత్రం ఎలా వచ్చిందో అడిగితే బోర్డు మీద రాబట్టి చూపించగలను. ఈ వాక్యాన్ని ఎలా రాబట్టాలో నాకు తెలియదు. నా ఉద్యోగం, నా చదువు, చివరికి నేనుండే దేశం కూడా మారిపోవడానికి అదే మొదలు.

కొన్ని నెలలకి ఫ్రెంచి జాతీయ గ్రంథాలయం వాళ్ల వెబ్‌సైట్‌లో పారిస్ సైన్స్ అకాడమీ వారపత్రిక 67వ సంపుటం దొరికింది. అందులో జాన్సెన్ ఇండియా నుంచి రాసిన ఉత్తరం ఉంది. నాకు ఫ్రెంచి ఒక్క ముక్క రాదు. కానీ శీర్షికలో ఒక మాట చూడగానే ఆగిపోయాను. కొకనాడ. అంటే కాకినాడ, మా అమ్మమ్మ వాళ్ల ఊరు! గుంటూరు గ్రహణం గురించిన ఉత్తరానికి 'కొకనాడలో దొరికిన ఫలితాలు' అని అర్థం వచ్చే శీర్షిక ఎందుకుంది? ఉత్తరం కింద తేదీ 1868 సెప్టెంబరు 19. గ్రహణం అయిన నెల రోజులకి ఆయన కాకినాడ చేరుకుని అక్కడ కూర్చుని రాశాడు. పారిస్‌లో అచ్చువేసిన వాళ్లు రాసిన ఊరినే చూసిన ఊరుగా శీర్షికలో పెట్టేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అచ్చులో ఉన్నంత మాత్రాన నిజమనుకోకూడదని మనమే పిల్లలకి చెబుతాం. నా కళ్ల ముందు అచ్చులో ఉన్న తప్పును నేనే పట్టుకోవడం అదే మొదటిసారి.

భౌతికశాస్త్ర చరిత్ర అనే చదువు ఒకటి ఉందని అప్పటికి నాకు తెలియదు. ఈ పత్రాల కోసం వెతుకుతుంటేనే తెలిసింది. 2011లో ఇంగ్లండ్‌లోని లీడ్స్ యూనివర్సిటీలో సైన్స్ చరిత్ర, తత్వశాస్త్రం ఎమ్మేలో సీటు వచ్చింది. ఎడ్యుకేషన్ లోన్, కొంత స్కాలర్‌షిప్, నాన్న రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత, అన్నీ కలిస్తే ఫీజుకి సరిపోయింది. "అమ్మాయ్, ఫిజిక్స్ చదివి ఫిజిక్స్ చెబుతున్నావు. ఇప్పుడు ఫిజిక్స్ ఎలా పుట్టిందో చదువుతానంటున్నావు. దానికి ఉద్యోగం ఇచ్చేవాళ్లున్నారా?" అని నాన్న అడిగారు. ఉన్నారు నాన్నా, తక్కువమంది అన్నాను. నిజానికి ఎంత తక్కువో నాకూ తెలియదు.

మొదటి టర్మ్ చాలా కష్టంగా గడిచింది. ఇంగ్లీషు వల్ల కాదు. నా బుర్ర పనిచేసే తీరు వల్ల. పాత సిద్ధాంతం ఏది ఇచ్చినా, "ఇందులో తప్పెక్కడుంది?" అని వెతకడం నాకు అలవాటు. వేడి ఒక ద్రవం అని నమ్మినవాళ్ల గురించి మొదటి వ్యాసం రాశాను. పేజీ పేజీకీ వాళ్లకి తెలియనిదేమిటో చెప్పుకుంటూ పోయాను. మా గైడ్ ఆ వ్యాసం తిరిగిచ్చి, మార్జిన్లో ఒకే ప్రశ్న రాశారు. వాళ్లు అలా నమ్మడానికి వాళ్ల దగ్గరున్న మంచి కారణాలేమిటి? ఆ ప్రశ్నకి జవాబు రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఈ వృత్తిలో మొదట మార్చుకోవాల్సిన అలవాటు అదే. మనకి తెలిసిన జవాబును పక్కన పెట్టి, జవాబు తెలియని మనిషి పక్కన వెళ్లి కూర్చోవాలి. ఫిజిక్స్ నుంచి వచ్చినవాళ్లకి ఇది మామూలు కష్టం కాదు. చరిత్ర నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్లకి లెక్కలు కష్టం, నాకు ఇది కష్టం. రాత్రుళ్లు హాస్టల్ కిచెన్‌లో ఒకరికొకరం నేర్పుకునేవాళ్లం.

2012లో పీహెచ్‌డీ మొదలుపెట్టాను. అంశం 1868 గ్రహణమే. ఫ్రెంచి కోసం రెండేళ్లు సాయంత్రం క్లాసులకి వెళ్లాను. జాన్సెన్ ఉత్తరాన్ని నా అంతట నేను చదవగలిగిన రోజు ఏడ్చాను. ఆనందంతో కాదు. ఉత్తరమంతా మూడుసార్లు చదివాను, ఎక్కడా కొత్త మూలకం మాటే లేదు. జ్వాలలు వాయువులతో నిండి ఉన్నాయని, ముఖ్యంగా హైడ్రోజనని ఆయన రాశాడు. హీలియం గుంటూరులో పుట్టిందని నేను ఎంతమంది పిల్లలకి చెప్పానో!

మా ఊరి గొప్ప ఒకటి నా చేతిలోనే చచ్చిపోయినట్టు అనిపించింది. కొన్నాళ్లు ఆ అధ్యాయం ముట్టుకోలేదు. తర్వాత నెమ్మదిగా అసలు ఏం జరిగిందో ఒక్కొక్క కాగితం పేర్చుకుంటూ వచ్చాను.

ఆ రోజు ఒక్క జాన్సెనే చూడలేదు. గుంటూరులోనే టెనెంట్ అనే బ్రిటిష్ అధికారి ఇంకో బృందంతో ఉన్నాడు, ఫొటోలు కూడా తీశాడు. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ అధిపతి పాగ్సన్ ఉన్నాడు. ఇప్పటి కర్ణాటకలోని జమఖండిలో హెర్షెల్ అనే ఇంకో బ్రిటిష్ అధికారి ఉన్నాడు. మలయా ద్వీపకల్పంలో రాయే అనే ఇంకో ఫ్రెంచివాడు. వీళ్లలో చాలామందికి పసుపు ప్రాంతంలో ఒక వెలుగు గీత కనిపించింది. కొందరు దాన్ని డి గీత అనే రాసేశారు. అంటే సోడియం. పాగ్సన్ మాత్రం డి దగ్గర, లేదా డి పక్కన అని కాస్త జాగ్రత్తగా రాశాడు. అది మద్రాసు ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలోనే ఉండిపోయింది.

మరి వీళ్లంత తెలివైనవాళ్లు ఎందుకు పోల్చుకోలేకపోయారు? ఈ ప్రశ్నకి కాగితాల్లో నాకు జవాబు దొరకలేదు. ఒకరోజు మా గైడ్, నువ్వు ఫిజిక్స్ మనిషివి కదా, ల్యాబ్‌కి వెళ్లి చూడు అన్నారు. ఫిజిక్స్ డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌లో ఒక మధ్యాహ్నం అడిగి తీసుకుని, వెలుగును రంగు గీతలుగా విడదీసి చూపించే ఒక పాత ప్రిజం స్పెక్ట్రోమీటర్, సోడియం దీపం, హీలియం ట్యూబు పెట్టుకుని కూర్చున్నాను. సోడియం జంట గీతలు 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటాయి. హీలియం గీత 587.6 దగ్గర. వెలుగు లోపలికొచ్చే చీలికను, అంటే స్లిట్‌ను, సన్నగా ఉంచితే రెండూ విడివిడిగా కనిపించాయి. గ్రహణంలో వెలుగు తక్కువ, కాబట్టి స్లిట్ పెద్దది చేయాలి. చేశాను. రెండూ కలిసిపోయి ఒకే పసుపు మరకలా మిగిలాయి.

అప్పుడు సోడియం దీపం ఆర్పేసి, హీలియం ఒక్కటే చూశాను. పక్కన పోల్చుకోవడానికి ఏమీ లేదు. నల్లటి చీకట్లో ఒక పసుపు గీత, అంతే. వెంటనే అర్థమైంది. గ్రహణ సమయంలో సూర్యబింబం మూసుకుపోతుంది, దాంతో పాటు సూర్యకాంతిలో మామూలుగా కనిపించే నల్లని డి గీతలూ పోతాయి. గుంటూరులో నిలబడ్డవాళ్ల కళ్ల ముందు ఆ కొద్ది నిమిషాలూ కొలత బద్ద లేదు. ఆ గ్రహణం చాలా పెద్దది, ఎక్కువసేపు పట్టిన చోట దాదాపు 6 నిమిషాల 47 సెకన్లు. అయినా ఎంతని చూస్తారు? గడియారం టిక్కుటిక్కుమంటుంటే, చేతులు వణుకుతుంటే, డి కి అంత దగ్గరగా పసుపు గీత కనబడితే డి అని రాసుకోవడం తప్పు కాదు. వాళ్ల మంచి కారణం నాకు ఆ ల్యాబ్ చీకట్లో దొరికింది.

గుంటూరు గొప్ప కూడా అక్కడే తిరిగి దొరికింది. జాన్సెన్‌కి ఆ గీతలు ఎంత ప్రకాశంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా వీటిని చూడవచ్చని ఆయనకి తోచింది. మర్నాడు, ఆగస్టు 19 పొద్దున, మామూలు ఎండలో స్పెక్ట్రోస్కోప్‌ను సూర్యుడి అంచుకి గురిపెట్టాడు. కనిపించాయి. ఆ తర్వాత 17 రోజులపాటు గుంటూరులో ఆయనకి రోజూ గ్రహణమే. అంతవరకు మనుషులు జ్వాలలను చూడాలంటే ఎప్పుడో, ఎక్కడో పట్టే గ్రహణం కోసం సముద్రాలు దాటాలి. ఆ పొద్దుటితో ఆ అవసరం తీరిపోయింది.

ఆయన ఉత్తరం కాకినాడ నుంచి పారిస్ చేరడానికి 37 రోజులు పట్టింది. సూయజ్ కాలువ ఇంకా తెరవని రోజులవి. ఈలోపు లండన్‌లో నార్మన్ లాకయర్ అనే యుద్ధ కార్యాలయపు గుమాస్తా, ఇండియాలో ఏం జరిగిందో తెలియకుండానే అదే ఆలోచనతో ఉన్నాడు. ఆయనకి కావలసిన పరికరం అక్టోబరు 16న చేతికొచ్చింది. 20న జ్వాలల గీతలు పట్టుకున్నాడు. ఆ కబురు, జాన్సెన్ ఉత్తరం, రెండూ అక్టోబరు 26న ఒకే సమావేశంలో పారిస్ అకాడమీ ముందుకి వచ్చాయి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వం ఇద్దరి ముఖాలతో ఒక పతకం కొట్టించింది.

పట్టపగలు చూస్తే ఏం లాభమో నా ల్యాబ్ మధ్యాహ్నం తర్వాత నాకు వేరే ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. పగటి వెలుగులో నల్లని డి గీతలు అక్కడే ఉంటాయి. పసుపు గీత వాటి పక్కన వెలుగుతుంది. కొలత బద్ద తిరిగొచ్చింది. లాకయర్ తర్వాతి వారాల్లో కొలిచి, అది డి కాదని తేల్చాడు. దానికి డి3 అని పేరు పడింది. హీలియం అన్న పేరు 1871లో ఎడిన్‌బరోలో విలియం థామ్సన్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రసంగంలో బయటికొచ్చింది. భూమ్మీద అది 1895లో లండన్‌లో రామ్సే అనే రసాయన శాస్త్రవేత్తకి ఒక యురేనియం ఖనిజంలో దొరికింది. అంటే గుంటూరు, లండన్, ఎడిన్‌బరో, మళ్లీ లండన్, 27 ఏళ్లు. ఈ కథంతటినీ ఒక మనిషి, ఒక ఊరు, ఒక రోజు అని కుదించేస్తే ఆ పిల్ల అడిగిన ప్రశ్నకి జవాబే ఉండదు.

లాకయర్ కాగితాలు ఎక్సెటర్ యూనివర్సిటీలో ఉన్నాయి. లీడ్స్ నుంచి రైల్లో దాదాపు సగం రోజు. ఆర్కైవ్‌లో మొదటిసారి కూర్చునేవాళ్లకి చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి, ఎందుకంటే నాకెవరూ చెప్పలేదు. బ్యాగు, పెన్ను, నీళ్లసీసా బయట పెట్టాలి. పెన్సిలే వాడాలి. ఒకసారికి ఒక్క ఫోల్డరే ఇస్తారు. కాగితాల వరస అస్సలు మార్చకూడదు, ఆ వరస కూడా ఒక సాక్ష్యమే. చేతిరాత మొదటి రోజు అర్థం కాదు. రెండో రోజు పది మాటల్లో నాలుగు తెలుస్తాయి. వారం తర్వాత ఆ మనిషి తొందరలో ఉన్నాడో, కోపంగా ఉన్నాడో కూడా తెలుస్తుంది. అప్పట్లో కొందరు కాగితం ఆదా కోసం ఒకసారి అడ్డంగా రాసి, అదే పేజీ మీద మళ్లీ నిలువుగా రాసేవాళ్లు. అలాంటి ఉత్తరం ఒకటి పట్టుకుని నేను రెండు రోజులు కూర్చున్నాను. చివరికి అందులో ఉన్నది డిన్నర్ ఆహ్వానం. అయినా నాకు కోపం రాలేదు. ఆ రెండు రోజుల తర్వాత అలాంటి ఉత్తరాలు చదవడమంటే నాకు భయం పోయింది.

నా పెద్ద పొరపాటు మొదటి ట్రిప్‌లోనే జరిగింది. అనుమతి తీసుకుని మూడు వందలకు పైగా ఫొటోలు తీశాను. ప్రతి ఫోల్డర్ మొదట్లో దాని నంబరు రాసిన చీటీని ఫొటో తీయాలని తెలియదు. హాస్టల్‌కి వచ్చి చూస్తే ఏ కాగితం ఏ పెట్టెలోదో చెప్పలేను. ఎక్కడిదో చెప్పలేని కాగితాన్ని థీసిస్‌లో వాడలేం. చాలా టెన్షన్ పడి, మళ్లీ టికెట్ డబ్బులు కూడబెట్టుకుని, నాలుగు నెలల తర్వాత వెళ్లి మొదటి నుంచి చేశాను. ఇప్పుడు నా విద్యార్థులకి మొదటి రోజు నేర్పేది ఆ చీటీ సంగతే.

ఇంకో పని మీద కూడా ఆ రోజుల్లోనే మనసు పడింది. 1961 నుంచి మూడేళ్లపాటు థామస్ కూన్ అనే సైన్స్ చరిత్రకారుడి నాయకత్వంలో ఒక బృందం క్వాంటం సిద్ధాంతాన్ని కట్టినవాళ్లను కలిసి, వాళ్ల మాటలు రికార్డు చేసింది. నీల్స్ బోర్‌తో చివరి ఇంటర్వ్యూ 1962 నవంబరు 17న జరిగింది. మర్నాడు ఆయన చనిపోయారు. ఆ తేదీలు పక్కపక్కన చూసినప్పటి నుంచి నేను ఏ పెద్దమనిషి దగ్గరికి వెళ్లడాన్నీ సెలవుల దాకా వాయిదా వేయను. గుంటూరు వెళ్లినప్పుడల్లా రిటైరైన ఫిజిక్స్ మాస్టార్లను కలిసి, వాళ్లు ల్యాబ్‌లు ఎలా నిలబెట్టారో, పరికరాలు ఎక్కడి నుంచి తెప్పించారో అడిగి రికార్డు చేస్తుంటాను. "నా దగ్గర ఏముందమ్మా చెప్పడానికి" అని మొదలుపెట్టి మూడు గంటలు చెబుతారు.

2016లో వైవా అయింది. రెండు గంటల నలభై నిమిషాలు. పరీక్షకుల్లో ఒకరు, జాన్సెన్ గుంటూరులో ఉన్నాడనడానికి నీ సాక్ష్యమేమిటి, అచ్చయిన శీర్షికలో కొకనాడ అని ఉంది కదా అని అడిగారు. ఏడేళ్ల కిందట నా నిద్ర చెడగొట్టిన ప్రశ్నే అది. జవాబు చెబుతుంటే గొంతు వణికింది.

ఆ తర్వాత మూడేళ్లు, నిజం చెప్పాలంటే, ఈ వృత్తిలోకి వస్తానన్న ఎవరికైనా ముందే తెలియాల్సిన మూడేళ్లు. ప్రపంచం మొత్తం మీద భౌతికశాస్త్ర చరిత్రకంటూ వచ్చే ఉద్యోగ ప్రకటనలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. నేను 52 అప్లికేషన్లు పెట్టాను. రెండు తాత్కాలిక ఉద్యోగాలు చేశాను, ఒకటి తొమ్మిది నెలలు, ఇంకోటి ఏడాదిన్నర. ఇక్కడ ఒక యూనివర్సిటీలో ఇంటర్వ్యూకి వస్తే, చరిత్ర విభాగం వాళ్లు ఇది ఫిజిక్స్ అన్నారు, ఫిజిక్స్ విభాగం వాళ్లు ఇది చరిత్ర అన్నారు. ఇద్దరూ మర్యాదగానే చెప్పారు. ఆ రాత్రి బస్సులో గుంటూరు వస్తూ, మళ్లీ ఎంసెట్ క్లాసులు చెప్పుకుందామా అని గట్టిగానే ఆలోచించాను. నాన్న ఏమీ అడగలేదు. పొద్దున్నే కాఫీ ఇచ్చి, "ఆ పాగ్సన్ సంగతి సగంలో ఆపావు, తర్వాతేమైంది?" అన్నారు.

2018 ఆగస్టు 18కి ఆ గ్రహణానికి 150 ఏళ్లు నిండాయి. ఆ రోజు నేను గుంటూరులోనే ఉన్నాను. జాన్సెన్ ఇక్కడ ఒక ఫ్రెంచి వ్యాపారి ఇంట్లో దిగాడు. ఆ ఇల్లు ఎక్కడుండేదో ఇదీ అని చెప్పగలిగే కాగితం నా చేతిలో లేదు. అయినా పాత గుంటూరు వీధుల్లో నాన్నా నేనూ పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా తిరిగాం. దారిలో కనబడిన ఒక స్కూల్లో అడిగి, ఎనిమిదో తరగతి పిల్లలకి సీడీ ముక్కతో, అట్టపెట్టెతో చేసిన స్పెక్ట్రోస్కోప్ చూపించాను. ట్యూబులైటులో రంగు గీతలు చూసి వాళ్లు వేసిన కేక ఇంకా చెవుల్లో ఉంది.

2020లో మన దేశంలోనే ఒక సైన్స్ విద్యాసంస్థలో పర్మనెంటు ఉద్యోగం వచ్చింది. బీఎస్సీ, ఎమ్మెస్సీ పిల్లలకి భౌతికశాస్త్ర చరిత్ర చెబుతాను. మొదటి క్లాసులో జాన్సెన్ ఉత్తరం శీర్షిక బోర్డు మీద రాసి, ఇందులో ఏది తప్పో కనిపెట్టండి అంటాను. రెండో క్లాసు ల్యాబ్‌లో, హీలియం ట్యూబు దగ్గర. స్లిట్ పెద్దది చేయమని చెప్పి, సోడియం దీపం ఆర్పేసి, ఇప్పుడు మీ నోటుబుక్కులో ఏమని రాస్తారు అని అడుగుతాను. ఏటా ఎక్కువమంది డి అనే రాస్తారు.

ఆ బెంచీ అమ్మాయిని తర్వాత నేను కలవలేదు. పేరు కూడా మర్చిపోయాను, అందుకు బాధగానే ఉంటుంది. ఎక్కడున్నా, తన ప్రశ్నకి జవాబు ఇదిగో: కొత్త మూలకమని ఆయనకి తెలియదమ్మా. తెలుసుకునే దారి మాత్రం మన ఊళ్లోనే, ఆ మర్నాటి పొద్దున్నే ఆయనకి దొరికింది.

ఇప్పుడు నేను వెతుకుతున్నది ఇంకొకరి కోసం. చింతామణి రఘునాథాచారి పంచాంగాలు కట్టే కుటుంబం నుంచి వచ్చి మద్రాసు అబ్జర్వేటరీలో పనిచేశారు. 1867లో ఆర్ రెటిక్యులై అనే, వెలుగు మారే నక్షత్రాన్ని కనిపెట్టారు. జాన్సెన్ గుంటూరులో, పాగ్సన్ మచిలీపట్నంలో ఆకాశం వైపు చూస్తున్న ఆ పొద్దున ఆయన వనపర్తిలో ఉన్నారు. మద్రాసు అబ్జర్వేటరీ పాత కాగితాలు ఇప్పుడు బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఆస్ట్రోఫిజిక్స్‌లో ఉన్నాయి. వచ్చే నెల రెండు వారాలు అక్కడ కూర్చోవడానికి సెలవు పెట్టాను. పెన్సిళ్లు చెక్కి పెట్టుకున్నాను, చీటీలు కూడా కత్తిరించి పెట్టుకున్నాను.